తుఫాను రాని ఊరికి

అక్టోబరు 9

ఈ డైరీ ఎదురుగా ఉన్న మందుల షాపు అబ్బాయి కొత్త సంవత్సరానికి ఇచ్చాడు. అట్ట మీద దగ్గు మందు సీసా బొమ్మ. నాకు రాసే అలవాటు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ రిపేరు బల్ల ఊగకుండా కాలి కింద పెట్టుకున్నాను. ఈరోజు లాగేశాను. బల్ల ఊగితే ఊగనీ! ఇలాంటి రోజుని ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోకపోతే నా గుండె పట్టదు.

తుఫాను విభాగం పెద్ద పదవికి మా అమ్మడి పేరు పంపారట!

ఇంకోసారి రాస్తాను. మా అమ్మడి పేరు పంపారు! వాతావరణ కేంద్రంలో తుఫాను విభాగానికి పెద్ద! ఈ నెలాఖరులో తేలుస్తారట. తేల్చేదేముంది, మా అమ్మడే.

షాపులోంచి ఇంట్లోకి పరిగెత్తాను. చెప్పు ఒకటి దారిలోనే ఉండిపోయింది. మా ఆవిడ బియ్యం ఏరుతోంది.

"కొంచెం మెల్లగా అరవండి. మనింట్లో ఎవరికో ఏదో అయిందనుకుంటారు."

"అయింది కదే!"

"కాలేదు. పేరు పంపారంతే," అంది. అని, ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది. చూశాను నేను.

అమ్మడు ఆరేళ్ళ వయసులో ఈ బల్ల కిందే కూర్చుని, గొడుగు బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్ళందరినీ "ఎక్కడ తడిశారండీ?" అని అడిగేది. ఒకాయన మార్కెట్ వీధి అనేవాడు, ఇంకొకాయన స్టేషన్ దగ్గర అనేవాడు. "మరి ఆ వీధిలో పడ్డ వాన ఈ వీధిలో ఎందుకు పడలేదు నాన్నా?" అని నన్ను పట్టుకునేది. వాన ఇష్టం అమ్మా, అనేవాణ్ణి. ఒప్పుకునేది కాదు. నలభై ఏళ్ళయింది, ఇంకా ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోకపోవడమే దాని ఉద్యోగం!

అక్టోబరు 10

సముద్రంలో వాయుగుండం. అమ్మడు రెండు రోజులుగా ఆఫీసులోనే ఉంది. ఈరోజు స్నానానికి వచ్చి, తల ఆరకుండానే వెళ్ళిపోయింది. తలుపు దగ్గర ఒకే మాట అంది: "రేవు ఊరికి కొడుతుంది నాన్నా. ఎల్లుండి." అప్పుడా మొహం చూడాలి. భయం లేదు, గర్వం లేదు. ఉడుకుతున్న గిన్నె మీద కన్నేసి ఉంచినవాళ్ళ మొహం.

చల్లటి దేశాల్లో వాతావరణం రైలులా వస్తుందట. పట్టాల మీద, దూరం నుంచే కనిపిస్తూ. మన వేడి సముద్రాల మీద అలా కాదట. పొయ్యి మీద పాలలాగట. వేడెక్కుతున్నాయని తెలుస్తుంది, పొంగేది ఎప్పుడో, ఏ పక్కకో మాత్రం నిలబడి చూస్తూ ఉండాల్సిందే. నాకు అర్థమయ్యేలా చెప్పడం మా అమ్మడికే చేతనవును. అది రాసిన పుస్తకాలు మాత్రం నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ప్రతీదీ మొదటి పేజీ చదివాను. పేరు ఉంటుంది కదా.

అక్టోబరు 12

రేవు ఊళ్ళో పడవలన్నీ ఒడ్డెక్కించారు. జనాన్ని స్కూళ్ళలోకి చేర్చారు.

ఇంకా రాలేదు. వస్తుంది.

అక్టోబరు 13

రాలేదు.

అక్టోబరు 14

ఎండ. కళ్ళు పొడిచే ఎండ. ఇంత నీలం ఆకాశం నేనెప్పుడూ చూడలేదు. కావాలనే చేస్తున్నట్టుంది.

పొద్దున షాపు తీస్తుంటే మందుల షాపు అబ్బాయి రోడ్డు అవతల నుంచి, నలుగురూ వినేలా:

"బాబాయ్, ఇప్పుడర్థమైంది! కూతురు వాన వస్తుందంటుంది, తండ్రి గొడుగులమ్ముతాడు. మంచి కంపెనీ మీది!"

అందరూ నవ్వారు. నేనూ ఊరుకోలేదు. "అవునురా అబ్బాయ్. మరి నీ షాపు ముందు మురికి గుంటలో దోమల్ని పెంచేది ఎవరు, మీ నాన్నా?" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. గెలిచాను.

సాయంత్రం దాకా ఒక్క గొడుగు రాలేదు. వానలు తగ్గాయి కాబట్టి అయ్యుంటుంది.

అక్టోబరు 15

పేపర్లో బొమ్మ వేశారు. ఒకావిడ కుర్చీలో కూర్చుని బొమ్మా బొరుసూ వేస్తోంది. జుట్టు మా అమ్మడిలాగే ఉంది. నాకేం బాధ లేదు. వంకాయలా గీశారు, చెయ్యి తిరగలేదు పాపం.

ఆ కిందే అసలు సంగతి! వాతావరణ కేంద్రం డైరెక్టరు స్వయంగా చెప్పాడు, ఉపగ్రహం నుంచి సమాచారం ఆలస్యంగా అందిందట, అందుకే అంచనా తప్పిందట. నేను ముందే అనుకున్నాను! మా అమ్మడు తప్పడమేంటి! పేపరు పట్టుకుని ఎదురు షాపుకి వెళ్ళి, కౌంటర్ మీద పరిచి, ఆ అబ్బాయి చేత పైకి చదివించాను. పక్కనున్న ఇద్దరికీ కూడా చదివి వినిపించమన్నాను. రెండోసారి కొంచెం విసుక్కున్నాడు.

మధ్యాహ్నం అమ్మడు భోజనానికి వచ్చింది. పేపరు దాని కంచం పక్కనే పెట్టాను.

"చూశావా? ఉపగ్రహం!"

"సమాచారం సమయానికే వచ్చింది నాన్నా."

"డైరెక్టరే అన్నాడు కదమ్మా."

"ఆయన అన్నాడు. నేను అనను."

తర్వాత ఏదో పొడిగాలి అని చెప్పింది. ఉత్తరం పక్కనుంచి పొడిగాలి వచ్చి తుఫాను పొట్టలో దూరిందట. తడి మొత్తం తాగేసిందట. అది వస్తుండగా ఈ పిల్ల చూసిందట, చూసి... నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఈ శాస్త్రాలు మనకెందుకు.

పదవి సంగతి తేలేదాకా నోరు విప్పవద్దనీ, ముఖ్యంగా రేవు ఊరికి వెళ్ళవద్దనీ డైరెక్టరు చెప్పాడట. మంచి మనిషి. మన మేలు కోరేవాడు.

అమ్మడు సగం తిని లేచింది.

అక్టోబరు 17

వెళ్తానంటోంది.

నాకు ముందే తెలుసు. చిన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కడో చివరి ద్వీపంలో వేశారు, పొద్దునా సాయంత్రం బెలూన్ ఎగరేసి పైన గాలి ఎలా ఉందో చూడాలి. అక్కడ దాని పై ఆఫీసరు ఒక ముసలాయన, గడ్డం మాస్టారు అనేది. మొదటిసారి ఇది వాన రాదని చెప్పింది. వచ్చింది. ఉప్పు మడుల్లో ఆరబెట్టిన ఉప్పంతా కరిగిపోయింది. గడ్డం మాస్టారు తిట్టలేదు. "వెళ్ళి ఎవరు తడిశారో చూసి రా," అన్నాడట. వెళ్ళింది. ఉప్పు మడులవాళ్ళు చీపురు కట్టలు చూపించారట. తిరిగొచ్చి చెప్తే, "ఇంక ప్రతిసారీ వెళ్ళు. వెళ్ళడం మానేసిన రోజు ఈ ఉద్యోగం కూడా మానెయ్యి," అన్నాడట.

అప్పట్నుంచీ అదే పద్ధతి. ఉద్యోగం పెరిగింది, ఊళ్ళు మారాయి, పద్ధతి మారలేదు. అంచనా తప్పితే ఆ ఊరికి పోయి నిలబడుతుంది. ఆఫీసులో ఇంకెవరూ చెయ్యరు. మా ఆవిడ దీన్ని మొట్టికాయల యాత్ర అంటుంది.

"ఈసారికి ఆగు తల్లీ. నెలాఖరు దాకా. తర్వాత పోయి కావలసినన్ని తిను, ఎవరొద్దన్నారు?" అన్నాను.

"తుఫాను వచ్చుంటే నెలాఖరు దాకా ఆగేదా నాన్నా?"

నేనూ వస్తానన్నాను. ఒద్దంది. వస్తానన్నాను. దాన్ని ఎవడేమంటాడో నేనూ చూస్తాను! ఈ చేతులు ఇంకా ఇనుప ఊచలు వంచుతాయి.

అక్టోబరు 20

బస్సులో వెళ్ళాం. కిటికీ పక్కన కూర్చుంది. ఆకాశం చూస్తూనే ఉంది, నాతో పెద్దగా మాట్లాడలేదు. నేను నల్ల పెద్ద గొడుగు తీసుకెళ్ళాను, రాళ్ళు పడితే అడ్డం పెట్టొచ్చని. అమ్మడికి చెప్పలేదు.

చేపల వేలం వేసే షెడ్డు. సిమెంటు నేల, కడిగి కడిగి నునుపెక్కింది. పెద్ద కాటా ఖాళీగా వేలాడుతోంది. ఐసు పెట్టెల్లో నీళ్ళే ఉన్నాయి. వేలం పాడే ఆవిడ, యాభై దాటి ఉంటాయి, జడలో పెన్సిలు గుచ్చుకుని ఒక డబ్బా మీద కూర్చుంది.

"ఎవరమ్మా మీరు? చేపల్లేవు. తుఫాను తినేసింది," అంది.

"ఆ తుఫాను వస్తుందని చెప్పింది నేనే," అంది అమ్మడు.

ఆవిడ పెన్సిలు తీసింది. మళ్ళీ గుచ్చుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, వేలం గొంతుతో, "ఒరేయ్, రండిరా! తుఫానమ్మ వచ్చింది!" అని ఒక్క కేక వేసింది. అబ్బ, ఏం గొంతు! నా చెవులింకా గుయ్యిమంటున్నాయి.

వచ్చారు. వలలు కుట్టేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు, పడవలవాళ్ళు. మొదట్లో సరదాగానే ఉంది.

"అమ్మా, నీ మాట విని పీతలు కూడా బొరియల్లోంచి బయటికి రాలేదు!"

"మా ఆవిడ మంచం మేడెక్కించింది. ఎక్కించేటప్పుడు నలుగురొచ్చారు, దింపడానికి ఒక్కడు రావట్లేదు. నువ్వొక చెయ్యి వెయ్యి."

అమ్మడు నవ్వలేదు, తల దించలేదు. ఒక్కొక్కళ్ళనీ అడిగింది, ఏ రోజు పడవ తీశారు, గాలి ఎటు నుంచి వచ్చింది, ఏ జాములో పడిపోయింది అని. తిడుతూనే చెప్పారు.

అప్పుడు ఒకతను ముందుకొచ్చాడు. గట్టిగా మాట్లాడలేదు. "మా అమ్మ మంచంలో ఉంది. కదల్చకూడదన్నాడు డాక్టరు. నీ మాట విని వీపు మీద మోసుకెళ్ళాను. స్కూల్లో చోటు లేక మరుగుదొడ్డి గుమ్మం పక్కన పడుకోబెట్టాను. జనం ఆమెను దాటుకుంటూ వెళ్ళారు. మూడు రోజులు. ఇంటికొచ్చాక ఆమె నాతో మాట్లాడట్లేదు."

ఎవరూ నవ్వలేదు. అమ్మడు అతని మొహం వైపే చూస్తోంది. చిన్నప్పుడు జ్వరంలో అలాగే చూసేది. నేను ఉండబట్టలేకపోయాను.

"బాబూ, తప్పు మా అమ్మాయిది కాదు! ఉపగ్రహానిది! సమాచారం ఆలస్యంగా వచ్చింది! పేపర్లో పడింది, డైరెక్టరే చెప్పాడు!"

ఒక్కసారి గాలి మారినట్టయింది. వేలం ఆవిడ, "మిషను తప్పా? అలా చెప్పండి మరి. ఈ పిల్లేం చేస్తుంది పాపం," అంది. ఎవరో నాకు స్టూలు వేశారు. "కూర్చోండి పెద్దాయనా, ఎండన పడొచ్చారు," అన్నారు. కూర్చున్నాను. ఎంత హాయిగా అనిపించిందో! అయిపోయింది, మంచినీళ్ళు తాగి బస్సెక్కడమే అనుకున్నాను.

"మా నాన్న చెప్పింది నిజం కాదు," అంది అమ్మడు.

అందరి ముందూ. ఆ మాటే. నా వైపు చూడకుండా.

"సమాచారం సమయానికే వచ్చింది. పొడిగాలి వస్తోందని నేను చూశాను. చూసి, అది తుఫాను దాకా చేరదనుకున్నాను. చేరింది. అలా అనుకున్నది నేనే, మిషను కాదు." తర్వాత తల్లిని మోసుకెళ్ళినతని వైపు తిరిగి, "మీ అమ్మగారి దగ్గరికి నన్ను తీసుకెళ్తారా?" అంది.

వేలం ఆవిడ డబ్బా మీదినుంచి లేచి దగ్గరికొచ్చింది.

"మళ్ళీ తప్పవా?"

"తప్పుతాను. ఈ సముద్రం మీద తప్పనివాళ్ళు లేరు. ఇదే తప్పు మళ్ళీ చెయ్యను."

ఆవిడ అమ్మడిని కిందా మీదా చూసింది, చేప తాజాదా కాదా అన్నట్టు. "మా భయం అది కాదమ్మా. ఇప్పుడు అందరూ కలిసి నిన్ను తిడతాం. రేపు నిజంగా వచ్చేటప్పుడు, మళ్ళీ తిడతారేమోనని నోరు మూసుకుంటావు. అప్పుడు పోయేది మేమే."

"మూసుకోనని చెప్పడానికే వచ్చాను."

ఆవిడ జడలోంచి పెన్సిలు తీసి ఇచ్చింది. "నీ ఫోను నెంబరు రాయి," అని ఐసు పెట్టె మూత చూపించింది. రాసింది.

తర్వాత అతనితో వాళ్ళింటికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. నేను స్టూలు మీదే ఉన్నాను. నాతో ఎవరూ మాట్లాడలేదు. గొడుగు ఒళ్ళో ఉంది.

అక్టోబరు 21

అమ్మడితో మాట్లాడటం లేదు.

అక్టోబరు 22

ఇవాళ కూడా.

కూరలో ఉప్పు తక్కువైందని దానికి చెప్పమని మా ఆవిడతో అన్నాను. "ఉప్పు నేను వేశాను, నాకే చెప్పండి. మీ ఇద్దరి మధ్యా నేను పోస్టు బట్వాడా చెయ్యను," అంది.

అక్టోబరు 23

రేవు ఊళ్ళో ఎవడో ఫోన్లో వీడియో తీశాడట. ఊరంతా తిరుగుతోంది. మందుల షాపు అబ్బాయి చూపించాడు. స్టూలు మీద నేను బాగానే కనిపిస్తున్నాను. చొక్కా కొంచెం నలిగింది.

డైరెక్టరు కూడా చూశాడట. ఆయనొకటి చెప్తే అమ్మడు నలుగురిలో కాదంది కదా మరి. ఈరోజు పిలిపించాడట. అయినా ఏమవుతుంది? ఇన్నేళ్ళ పని! అంత చదువు! ఒక్క వీడియోతో పోతుందా!

పోదు.

అక్టోబరు 24

మా ఆవిడ ఈరోజు నా పక్కన వచ్చి కూర్చుంది. నేను ఊచకి దారం కడుతున్నాను. ఊరికే రాదు ఎప్పుడూ.

"పోయినేడు ఒక టీచరమ్మకి గొడుగు బాగుచేసిచ్చారు, బస్టాపులో విడిపోయింది. గుర్తుందా?"

"ఆ రోజు గాలి ఎక్కువ."

"అదే అన్నారు ఆవిడతో కూడా. ఆవిడ మళ్ళీ వచ్చిందా?"

నేను దారం పీకాను. తెగింది.

"అమ్మడు వెళ్ళిన ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ ఫోను చేస్తారు దానికి. ఉప్పు మడుల ఆయన ప్రతి వర్షాకాలం చేస్తాడు. మీకు తెలుసా?" అంది.

నాకు తెలియదు.

సాయంత్రం అమ్మడు మెట్ల మీద చెప్పులు విప్పుతుంటే వెళ్ళి నిలబడ్డాను. "నేను ఆ మాట అనకుండా ఉంటే నువ్వు డైరెక్టరుని కాదనాల్సి వచ్చేది కాదు కదమ్మా," అన్నాను. ఎక్కడో చూస్తూ అన్నాను.

"నువ్వు అనకపోతే వాళ్ళే అడిగేవాళ్ళు నాన్నా. వాళ్ళూ పేపరు చదువుతారు. అప్పుడూ అదే చెప్పేదాన్ని." తర్వాత, "కానీ ఇంకెప్పుడూ నన్ను అలా కాపాడకు. నేను తప్పితే తప్పిందని చెప్పు. నీ గొంతుతోనే, అంత గట్టిగానూ చెప్పు," అంది.

నేను తల ఊపాను. అదేం కూతురండీ! ఎవరి కడుపున పుట్టింది!

నా కూతురే.

అక్టోబరు 25

పొద్దున్నే షాపు తీయకముందే ఎదురు షాపుకి వెళ్ళాను. "ఒరేయ్ అబ్బాయ్, ఆ రోజు నీచేత పేపరు చదివించాను చూడు, అది అబద్ధం. మా అమ్మాయి తప్పింది. పొడిగాలిని తక్కువ అనుకుంది. దానంతట అది పోయి చెప్పుకుంది. నీ మందుల కంపెనీల్లో ఒక్కడు చెప్పమను చూద్దాం, మా మాత్ర పని చెయ్యలేదని!"

ముగ్గురు గిరాకీలున్నారు. అందరూ విన్నారు. ఒకావిడ చేతిలోని మాత్రల అట్టని తిప్పి తిప్పి చూసింది.

"బాబాయ్, నా కొట్టు మూయిస్తావా?" అన్నాడు.

ఎన్ని రోజుల తర్వాత ఇంత హాయిగా ఉందో! దారిలో కూరగాయలావిడకి కూడా చెప్పాను. ఆవిడ అడగలేదు.

అక్టోబరు 31

వేరే ఆయనకి ఇచ్చారు.

సరే. ఇచ్చుకోనీ! ఆయన మంచివాడే అయ్యుంటాడు. కుర్చీ ఆయనకి ఇచ్చారు, సముద్రాన్ని ఇవ్వలేదు కదా. నేను సంతోషంగానే ఉన్నాను. మా ఆవిడ కూడా. ఇంట్లో అందరం సంతోషంగానే ఉన్నాం. అమ్మడు గోడ వైపు తిరిగి పడుకుంది, అలసిపోయి.

ఇంకో ముక్క ఉంది. డిసెంబరు మొదటి తేదీ నుంచి దాన్ని పాత రికార్డుల గదికి మారుస్తారట. ఎప్పటివో వానల లెక్కలు సర్దుతూ కూర్చోవాలట. తుఫానులు చూసే పని ఉండదు. హెచ్చరిక ఇచ్చే పని అసలే ఉండదు.

అంటే ఇంక నవంబరు ఒక్కటే.

నవంబరు 6

ఆఫీసుకి మామూలుగానే వెళ్ళొస్తోంది. కొత్త పెద్దాయనకి అన్నీ చూపిస్తోందట. పొడిగాలి మీద తనేం నేర్చుకుందో గీసి మరీ చెబుతోందట.

"నీ కుర్చీలో కూర్చున్నవాడికా!" అన్నాను.

"తుఫానుకి ఆ కుర్చీలో ఎవరున్నారో తెలియదు నాన్నా."

నాకు మాత్రం తెలుసు. నేను మర్చిపోను.

నవంబరు 14

సముద్రంలో అల్పపీడనం. రేడియోలో విన్నాను. అమ్మడు చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరం ఇడియట్లలా కిటికీలోంచి ఆకాశం చూస్తూ టీ తాగాం. ఏమీ లేదక్కడ.

నవంబరు 16

ఇది వివరంగా రాయాలి.

ఈరోజు పొద్దుటి డ్యూటీ అమ్మడిది. డ్యూటీలో ఎవరుంటే హెచ్చరిక మీద సంతకం వాళ్ళదే, అది వాళ్ళ ఆఫీసు నియమం. వాయుగుండం మళ్ళీ రేవు ఊరి వైపే తిరుగుతోందట. పొడిగాలి ఈసారి కూడా ఉందట, కానీ దూరంగా. వస్తుందా రాదా? అటూ ఇటూ ఉందట. కొత్త పెద్దాయన సెలవులో ఉన్నాడు. డైరెక్టరు ఫోను చేసి, "ఇంకో పూట ఆగుదాం. మొన్నటి అవమానం చాలు," అన్నాడట. ఇంకో పూట ఆగితే పడవలు సముద్రంలోకి వెళ్ళిపోతాయి, వెనక్కి రాలేవు.

"ఆగుదాం అంటే ఆదేశమా సార్, సలహానా?" అని అడిగిందట. ఆయన నీళ్ళు నమిలాడట. ఆదేశం అంటే ఆయన పేరు పెట్టాలి కదా!

సంతకం పెట్టేసింది.

ఇదంతా ఆఫీసు నుంచి ఫోన్లో చెప్పింది. మాట్లాడుతుండగానే రెండో ఫోను మోగింది. "నాన్నా ఉండు, రేవు ఊరు," అని, నన్ను ఆపడం మర్చిపోయి, అటు మాట్లాడింది. మొత్తం విన్నాను. వేలం ఆవిడ! ఆ గొంతు రెండు ఫోన్లు దాటి వచ్చింది.

"రేడియోలో విన్నాంలే. నీ నోటితో చెప్పు. వస్తుందా?"

"ఖాయంగా చెప్పలేను. పదికి ఆరు పాళ్ళు వస్తుంది."

"పోయినసారి ఎంతన్నావు?"

"ఎనిమిది."

వెనకాల ఎవరో గొణిగారు, ఎవరో కసిరారు.

"ఆరు చాలమ్మా. పడవలు కట్టేస్తున్నాం. మంచంలో ఉన్న ఆ ముసలమ్మకి ఈసారి హెడ్‌మాస్టరు గది ఇప్పించాను, నువ్వు చెప్పినట్టే. రాకపోతే మాత్రం వచ్చి తిట్లు తిని పో. కుర్చీ వేసి ఉంచుతాను. మీ నాన్నని స్టూలు మీద కూర్చోబెడదాం, ఆయన నోరు తెరవకుండా."

ఆవిడ నా గురించి అలా అంది! ఎంత గౌరవం! నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాయి. మా ఆవిడ వచ్చి చూసి, "నవ్వుతున్నారా ఏడుస్తున్నారా, ఒకటి తేల్చండి," అంది. నేను తేల్చలేదు.

నవంబరు 17

వస్తే రేపు వస్తుంది.

ఆకాశం మళ్ళీ అలాగే, కావాలని చేసినట్టు నీలంగా. మబ్బు తునక లేదు. రేవు ఊళ్ళో పడవలు కదల్లేదు, రేడియోలో చెప్పారు. డైరెక్టరు అమ్మడిని సంజాయిషీ అడిగాడట. ఇస్తుంది. దాచేదేముంది?

పదింటికి షాపు తీశాను. నా పెద్ద నల్ల గొడుగు తీసి, దుమ్ము దులిపి, వీధి మధ్యలో తెరిచాను. తెరిచి నడిచాను. స్టేషను దాకా వెళ్ళాను, మార్కెట్ వీధి గుండా తిరిగొచ్చాను. మామూలుగా నాకు ఎండకి గొడుగు వేసుకునే అలవాటు లేదు, అందరికీ తెలుసు. గొడుగులవాడు గొడుగు వేసుకోడని ఎప్పట్నుంచో వేళాకోళం చేస్తారు కూడా.

మందుల షాపు అబ్బాయి మెట్ల మీదికొచ్చాడు.

"ఎండకా బాబాయ్, వానకా?"

"మా అమ్మాయికి!"

వీధి వీధంతా వినబడేలా అన్నాను. అంత గట్టిగానూ. వేలం ఆవిడ వినుంటే మెచ్చుకునేది.

వాడు నవ్వుతాడేమోనని నిలబడ్డాను, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. నవ్వలేదు. పైకి ఒకసారి చూశాడు. లోపలికి వెళ్ళి ఒక మడత గొడుగు తెచ్చాడు, బటన్ పట్టేసిందట, ఎన్నాళ్ళ నుంచో కౌంటర్ కింద పడుందట.

"వాన రాదనుకుంటున్నావు కదరా."

"రాదు బాబాయ్. అయినా బాగుచేసి ఉంచు."

ఇప్పుడదే చేస్తున్నాను. స్ప్రింగు తుప్పు పట్టింది, కొత్తది వెయ్యాలి. ఇది రేపు వానలో తెరుచుకోకపోతే వాడి ఇంటికి పోయి తిట్లు తినాలి. వెళ్తాను.

బల్ల ఊగుతోంది. ఊగనీ.